ఎడమ సీటు ముందు చలి

రెజిమెంటల్ బజార్ దుకాణాలన్నీ మూశాక, కాలేబు తన పాత స్పోర్ట్స్ కారు బానెట్ ఎత్తి హీటర్ గొట్టాలు రెండూ పట్టి చూశాడు. ఒకటి కాలుతోంది, రెండోది చల్లగా ఉంది. అంటే మధ్యలో తుప్పు పట్టి పూడుకుపోయింది. నీళ్లు కొట్టి కడిగాడు.

నిరుడు క్రిస్మస్ క్యారల్స్‌కి పోతూ భార్య ప్రిసిల్లా అడిగింది. "కాళ్లు కొంకర్లు పోతున్నయ్, జెర ఈ హీటర్ చూడరాదు?"

"పండగైనంక చూస్తా," అన్నాడు.

ఆ పండగ ఆమె చూడలేదు.

ఇప్పుడు వెచ్చటి గాలి రెండువైపులా వస్తోంది. ఎడమ సీటు ముందు మ్యాట్ తడిమాడు. అంతా వేడెక్కింది, రెండు పాదాలంత మేర తప్ప. అక్కడ మంచులా ఉంది.

చేతులు తీయలేదు. "జెర ఆగు ప్రిసిల్లా, వేడైతది."

అరచేతుల కింద ఆ చలి మెల్లగా కాలివేళ్లు ముడుచుకుంది.