ఫోన్ పెట్టేయకండి

నీలం గీత తొంభై శాతం దాకా పాకింది, ఆగింది, ఎర్రబడింది.

"ఇన్‌స్టాల్ కాలేదు. మళ్ళీ ప్రయత్నించండి."

పొద్దున్నించీ ఆమె చేస్తున్నది ఆ ప్రయత్నమే. లైబ్రేరియన్ ఉద్యోగానికి పరీక్ష ఇంట్లో కూర్చునే రాయొచ్చన్నారు. కాకపోతే వాళ్ళిచ్చిన సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లోకి ఎక్కాలి. పదింటికి ప్రవేశం ఆపేస్తారు. ఆమె వయసుకి ఇదే ఆఖరి అవకాశం.

హెల్ప్‌డెస్క్ నంబరు మోగుతోందే తప్ప ఎత్తే నాథుడు లేడు. అభ్యర్థులందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో తన నంబరు పెట్టి, "హెల్ప్‌డెస్క్ వాళ్ళెవరైనా ఉంటే వెంటనే ఫోన్ చేయండి" అని రాసింది.

"గోరుచుట్టు మీద రోకటిపోటని, ఇదీ ఇవాళే మొరాయించాలా!" అన్నారు గుమ్మంలోంచి అత్తగారు.

ఫోన్ మోగింది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

"మేడమ్, గ్రూపులో చూసి చేస్తున్నాను. నేను..."

"మీరెవరైతే నాకెందుకండీ! పొద్దున్నించీ మొత్తుకుంటుంటే ఇప్పుడా మీకు తీరిక దొరికింది? ముందు దీని సంగతి చూడండి."

తొందరలో ఉన్న మనిషికి ఎదుటివాడి పేరడగడం కూడా దండగే.

"సరే. యాంటీవైరస్ ఆపారా?"

"ఆపాను."

"డిస్క్‌లో చోటుందా?"

"బోలెడుంది. అవన్నీ చూడకుండానే ఏడుస్తున్నానా?"

"కంప్యూటర్ తెరవగానే కనిపించే మీ పేరు ఏ అక్షరాల్లో ఉంది?"

"తెలుగులో. మా అమ్మాయి ముచ్చటపడి పెట్టింది. అయితే?"

"అదే కొంప ముంచింది. లోపలి ఫోల్డరుకీ ఆ పేరే పడుతుంది. ఈ సాఫ్ట్‌వేర్‌కి ఇంగ్లీషు అక్షరాలు తప్ప గిట్టవు. నాకూ నిన్నంతా ఇదే తలనొప్పి. ఇంగ్లీషు పేరుతో ఇంకో అకౌంట్ తెరిచి, అందులోంచి ఎక్కిద్దాం."

ఎక్కడ నొక్కాలో అతను చెబుతుంటే నొక్కుతూ పోయింది. గీత మళ్ళీ పాకడం మొదలైంది.

"ఇంక ఎక్కేస్తుంది మేడమ్. నాకు ఇక్కడ అర్జంటు పనుంది, పెట్టేస్తాను."

"పెట్టేస్తారా? మళ్ళీ ఆగితే? నా పరీక్షకంటే అర్జంటు పనేమిటండీ మీకు? పెట్టేశారంటే మీ మీద కంప్లయింట్ ఇస్తాను!"

అంతలా అరిచినదల్లా ఒక్కసారిగా బావురుమంది.

"ఫోన్ పెట్టేయకండి, మీకు దణ్ణం పెడతాను. పిల్లల పెంపకంలోనే ఏళ్ళన్నీ గడిచిపోయాయి. వచ్చే ఏడు నన్ను రాయనివ్వరు."

ఫోన్‌లో అతని వెనక ఎవరో పెద్దాయన "ఇంకా ఎంతసేపురా?" అని గద్దిస్తున్నారు.

"ఏడవకండి. మీరు లోపలికి వెళ్ళేదాకా ఉంటాను."

గీత నిండింది. ఆమె కెమెరాకి ముఖం చూపించింది. చీకటిగా ఉందంటే కిటికీ తెర తీసి మళ్ళీ చూపించింది. గుర్తింపు కార్డు చూపించి, అత్తగారిని బయటికి పంపి, గది నాలుగు మూలలూ చూపించింది. ఒక్కో మెట్టూ అతను చెబుతూనే ఉన్నాడు.

"ఇంక ఒక్కటే. ఫోన్ స్విచాఫ్ చేసి కెమెరాకి చూపించాలి. అప్పుడే లోపలికి రానిస్తారు. వెళ్ళండి, బాగా రాయండి."

థాంక్స్ అన్న ఒక్క మాట కూడా అనకుండా ఫోన్ కట్టేసింది. పది కొట్టేలోపు ఆఖరి నిమిషంలో లోపలికి వెళ్ళింది.

ప్రశ్నలు తెలిసినవే వచ్చాయి. రాసి లేచేసరికి ఒళ్ళు తేలికపడింది, తన నోటి దురుసు గుర్తొచ్చి సిగ్గేసింది.

"ఎవరోగానీ నీ మాటలన్నీ పడ్డాడు. ఫోన్ చేసి ఓ మంచి మాట చెప్పవే" అన్నారు అత్తగారు.

చేసింది. పెద్దాయన ఎత్తారు.

"హెల్ప్‌డెస్క్ సార్ ఉన్నారాండీ? పొద్దున నాకు చాలా సాయం చేశారు. నేనే నోరు జారాను, క్షమించమని అడుగుదామని."

"నువ్వేనా అమ్మా?" అన్నారాయన. "పరీక్ష బాగా రాశావా?" అనడిగారు.

"చాలా బాగా రాశానండీ. ఒక్కసారి ఆయన్ని పిలుస్తారా?"

"గోడవైపు తిరిగి పడుకున్నాడమ్మా, కదిలించబుద్ధి కావడం లేదు. హెల్ప్‌డెస్కూ లేదు ఏమీ లేదు, వాడు కూడా ఇవాళ ఆ పరీక్ష రాయాల్సినవాడే, నీ ఫోన్ పెట్టేసి కూర్చునేసరికి ప్రవేశం ఆపేశారు."