గేరు పళ్ళు

బుచ్చయ్య తువ్వాలు ముడి విప్పి, విరిగిన గేరు చక్రాన్ని మెకానిక్ ముందు పెట్టాడు. ఊడిపోయిన పళ్ళు కూడా ఏరి అందులోనే కట్టుకొచ్చాడు.

నాగర్‌కర్నూల్‌లోని ఆ షెడ్డులో అతను అడిగింది ఒకే ఒక్క మాట. ఇంజనుకు రీమ్యాపింగ్ చేయిస్తే గేర్‌బాక్సు పాడవుతుందా?

కావచ్చు అన్నాడు మెకానిక్. కాకపోవచ్చు అని కూడా అన్నాడు. ఇంజను ఎంత బలం ఇవ్వాలో దాని కంప్యూటర్‌కు కంపెనీవాళ్ళు ముందే చెప్పి పంపుతారు. రీమ్యాపింగ్ చేసేవాళ్ళు ల్యాప్‌టాప్ తగిలించి దాన్ని మారుస్తారు. కొంచెం పెంచితే గేర్‌బాక్సు ఓర్చుకుంటుంది. మరీ పెంచితే ఏదో ఒకరోజు విరుగుతుంది. ఈ చక్రం దేనివల్ల విరిగిందో చెప్పడం మాత్రం తన వల్ల కాదన్నాడు. గద్వాలలో పాత మెకానిక్ ఇస్రాయేలుకు చూపించమన్నాడు.

"బండి ఎవరిది?" అని అడిగాడు చివర్లో.

"జగన్‌ది," అన్నాడు బుచ్చయ్య.

జగన్ బుచ్చయ్య ఊరు గోపాల్‌పేట పిల్లవాడే. పాత డీజిల్ కారు కొని కిరాయికి తిప్పేవాడు. శ్రీశైలం ఘాటులో నిండా మనుషులతో బండి లాగడం లేదని వనపర్తిలో దుకాణం పెట్టిన ఉపేందర్ దగ్గర రీమ్యాపింగ్ చేయించాడు. ఆ తర్వాత బండికి కొత్త ఎడ్లు కట్టినట్టుందని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. వానాకాలం మొదట్లో ఒక పొద్దున బిజినేపల్లి దాటి ఒంటరిగా వస్తుండగా గేర్‌బాక్సు బిగుసుకుపోయింది. ముందు చక్రాలు ఉన్నపళంగా ఆగిపోయాయి. కారు పల్టీలు కొట్టి పత్తి చేలో పడింది. దవాఖానకు చేరేలోపే జగన్ పోయాడు.

అడ్డదిడ్డంగా గేర్లు వేసి తానే విరగ్గొట్టుకున్నాడని ఊళ్ళో అన్నారు. ఉపేందర్ కూడా అదే అన్నాడు. రీమ్యాపింగుకూ గేర్‌బాక్సుకూ సంబంధమే లేదన్నాడు.

జగన్ తల్లి సుభద్రమ్మ మాత్రం ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, పిల్లగాని తప్పా, బండి తప్పా అని బుచ్చయ్యను అడిగింది. అంతే.

అప్పటి నుంచి అతనికి కంటి మీద కునుకు లేదు. రోడ్డు మీద ఏ బండి గేరు మార్చినా ఇనుము విరిగిన చప్పుడే వినిపిస్తోంది. చేనులో గుంటక తోలుతుంటే గట్టు మీద జగన్ నిలబడి కనిపిస్తున్నాడు. పలకడు. ఏదో ఇమ్మన్నట్టు చెయ్యి చాపుతాడు. దగ్గరికి వెళితే గట్టు ఖాళీ.

గద్వాల బస్సులో కండక్టర్ ఎవరినో తెచ్చి పక్కన కూర్చోబెట్టబోయాడు.

"మనిషున్నడు," అన్నాడు బుచ్చయ్య. తన మాటకు తానే ఉలిక్కిపడ్డాడు.

ఇస్రాయేలు కళ్ళద్దాలు పెట్టుకుని, చక్రాన్ని ఎండలోకి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు.

"ఇగో, గీ నల్లగున్నది పాత చీలిక. గీ మెరుస్తున్నది ఆఖరున ఇరిగింది. ఒక్క పొద్దుల ఇరిగింది కాదిది. శాన దినాల సంది చీలుకుంట వచ్చింది."

"పిల్లగాడు గేరు తప్పేసిండంటున్నరు."

"గట్లయితే పళ్ళ కొసలు చెక్కుకపోతయి. ఇవి మొదలుకాడ ఇరిగినయి. బలం మొయ్యలేక ఇరిగినయి."

రీమ్యాపింగ్ చేసిన ప్రతి బండీ ఇలా కాదని కూడా చెప్పాడు ఇస్రాయేలు. బలం మితిమీరితే ముందు క్లచ్ జారుతుంది. అది జారబట్టే గేర్‌బాక్సు బతుకుతుంది. జారకుండా గట్టి క్లచ్ ఏమైనా బిగించారా అని అడిగాడు. బుచ్చయ్య తల ఊపాడు. అదీ ఉపేందరే బిగించాడు.

అయినా బుచ్చయ్య వదల్లేదు. గేర్‌బాక్సులో ఆయిల్ తగ్గిందేమో అన్నాడు. ఇనుమే మంచిది కాదేమో అన్నాడు. ఇస్రాయేలు ఓపిగ్గా అన్నిటికీ కాదనే చెప్పాడు.

"పెద్దమనిషీ, చేతికొచ్చిన కొడుకును పోగొట్టుకున్నవ్. గిది చేసినోణ్ని ఇడ్సిపెట్టకు," అన్నాడు ఇస్రాయేలు, అతన్నే జగన్ తండ్రి అనుకుని.

బుచ్చయ్య చక్రాన్ని మళ్ళీ తువ్వాలులో కట్టుకున్నాడు.

"ఇడ్సిపెట్ట," అన్నాడు.

బస్టాండు నుంచి సుభద్రమ్మకు ఫోన్ చేసి, పిల్లగాని తప్పేం లేదని చెప్పాడు. అవతల ఆమె ఏడుపు మొదలైంది, జగన్ పోయిన రోజు రావలసిన ఏడుపు. అది ఆగేదాకా ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాడు.

వనపర్తి బస్సులో పక్క సీటులో ఒక ముసలమ్మ వచ్చి కూర్చుంది. జగన్ ఫుట్‌బోర్డు మీదికి జరిగి నిలబడ్డాడు. బుచ్చయ్య వైపు చూడకుండా ముందుకే చూస్తున్నాడు.

ఉపేందర్ దుకాణం ముందు మరో కారు ఆగి ఉంది. అతను అందులో కూర్చుని ల్యాప్‌టాప్ తగిలిస్తున్నాడు. కారు తెచ్చిన కుర్రాడు కిటికీ దగ్గర వంగి, ఇంకా జర పెంచమని బతిమాలుతున్నాడు. ఆ కుర్రాడి వెనకే జగన్, చాపిన చేత్తో.

బుచ్చయ్య వైరు పట్టుకుని లాగేశాడు. తువ్వాలు మూట ఉపేందర్ ఒళ్ళో పెట్టాడు.

"పళ్ళు మొదలుకాడ ఇరిగినయి. ఇస్రాయేలు చూసి చెప్పిండు. నడువు, ఠాణకు పోదం."

ఉపేందర్ ముడి విప్పాడు. విరిగిన చోట వేలితో తడిమాడు. బుకాయిస్తాడనుకుని బుచ్చయ్య పిడికిలి బిగించాడు.

ఉపేందర్ కారు దిగి, దుకాణం షట్టరు లాగి, తాళం వేసి, "అమ్మకు చెప్పి వచ్చినవా నాయినా?" అని తండ్రిని అడిగాడు.