ఆ పేరొద్దు

“ఇది తప్ప ఇంకేదైనా సూపించండి,” అన్నాడు గోపి.

శ్రీకాకుళంలోని ఆ కార్ల షోరూములో పనిచేసే భారతి తెల్లబోయింది. అప్పటికే గోపి తండ్రి తిరుమలరావు కొత్త శాంత్రో చుట్టూ ప్రదక్షిణ చేసి, వెనక డోరు మీది పేరును వేలితో తడుముతున్నాడు.

“ఇంకేదైనా ఏటిరా? ఆగిపోయిన శాంత్రో మళ్లీ వచ్చినాదని పేపర్లో సూసే కదా బయల్దేరేం!”

“దానికోసం బయల్దేరింది నువ్వు. నేను కారు కొనడానికొచ్చేను.”

కవిటి దగ్గర వాళ్ల ఊళ్లో మొదటి కారు తిరుమలరావుదే. పాత శాంత్రో. మొన్నటి తిత్లీ తుఫానుకు కొబ్బరిచెట్టు విరిగి దాని మీద పడింది. తోటంతా నేలకూలినా కిక్కురుమనని మనిషి, నుజ్జయిన కారు ముందు కూలబడి ఏడ్చాడు. పైడిభీమవరంలో మందుల కంపెనీలో పనిచేస్తున్న గోపి, తన జీతం మీద కొత్త కారు కొంటానన్నాడు. పొద్దున్నే తల్లి లక్ష్మీనరసమ్మతో సహా ముగ్గురూ రైలెక్కి ఆమదాలవలసలో దిగి, ఆటోలో ఇక్కడికొచ్చారు.

“తాతగారూ, లోపల కూర్చుని చూడండి,” అంది భారతి, గొడవ సర్దుదామని.

తిరుమలరావు స్టీరింగు ముందు కూర్చున్నాడు. “పాతదాని డోరేస్తే దుడుమ్మనేది. దీనికి సప్పుడే లేదు. సీటు కూడా పాతది ఇంకొంచెం ఎత్తుండేది. అది మహారాజులాగ ఉండేదమ్మా.”

“ఇన్నారా?” గోపి గొంతు లేచింది. “ఎక్కి నిమిషం కాలేదు, అప్పుడే వంకలు! పాతది ఇలగుండేది, పాతది అలగుండేది. పాపం, ఇదేటి సేసింది?”

“వంకలు కాదురా. పోల్సుకుంటన్నాను.”

“ఎందుకు పోల్సడం? ఆ మూల ఎర్రబండి ఉంది సూడు. దాని పేరు దానిది. బాగుంటే దాన్నే మెచ్చుకుంటావు, బాగోకపోతే దాన్నే తిడతావు. నా కష్టంతో కొంటన్న మొదటి కారు. ఒక్కసారైనా నాకు నచ్చింది కొనుక్కోనీ.”

“ఆ పేరు నాకు నోరు తిరగదు.”

“పిలవగా పిలవగా అదే తిరుగుద్ది!”

షోరూములో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. “సార్, కొంచెం నెమ్మదిగా…” అంది భారతి.

“మీరుండండమ్మా! రేకు కొత్తది, ఇంజను కొత్తది, అన్నీ కొత్తవే. మరి పేరెందుకు పాతది? దీనికో పేరు దొరకలేదా?”

“పాత పేరంటే జనానికి ప్రేముంటుంది కదా సార్.”

“అదే నేను సెప్పేది. ప్రేమ పాతదాని మీద. సాకిరీ కొత్తదానిది.”

తిరుమలరావు స్టీరింగును అరచేత్తో నిమిరాడు. “నువ్వెన్నయినా అను. ఈ పేరు మన వాకిట్లో ఉంటే అది పోనాదనిపించదు నాకు. అదే మళ్లీ వచ్చినాదనుకుంటాను.”

గోపి బానెట్ మీద చెయ్యెత్తి కొట్టాడు.

“పోనాది నాన్నా! అది పోనాది! ఏడుపొస్తే ఏడు. నీతో కూకుని నేనూ ఏడుస్తాను. అంతేగానీ ఇంకోదాన్ని తెచ్చి, దాని పేరెట్టీసి, అదే ఇదని బతికినన్నాళ్లూ నమ్మొద్దు. ఇది అది కాదు. నువ్వెంత కోరుకున్నా అవ్వదు!”

లక్ష్మీనరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “సాల్లేరా, సాలు,” అంది.

తిరుమలరావు మొహం పాలిపోయింది. కొడుకును అంతకుముందెన్నడూ చూడనట్టు చాలాసేపు చూశాడు. తర్వాత కిందికి దిగి, తలుపు మెల్లగా వేసి, ఎర్రబండి దగ్గరకు నడిచాడు.

“దీని పేరేటన్నావురా?”

గోపి చెప్పాడు. ముసలాయన తడబడుతూ, కూడబలుక్కుంటూ, చివరికి ఆ పేరు సరిగ్గా పలికాడు. లోపలికెక్కి, “బాగానే ఉన్నాది. రాయే,” అని భార్యను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

భారతి గోపి దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. “ఒక్కమాట అడుగుతాను, కోప్పడకండి సార్. ఎంతైనా కారు పేరే కదా. దాని మీద అంత మంటేటి మీకు?”

ఎర్రబండిలో ఉన్న ఇద్దరినీ చూస్తూ అన్నాడతను.

“నేను పుట్టకముందే సచ్చిపోయిన మా అన్న పేరూ గోపీయే.”