మూడో సైగ

అరచెయ్యి కిందికి దించితే దొర కూర్చుంటోంది. ఎదురుగా నిలబెడితే ఆగుతోంది. మూడో సైగే దాని బుర్రకెక్కడం లేదు.

దొర ముసలి కుక్క. నల్లటి మూతి ఎప్పుడో నెరిసిపోయింది. కూర్చోవాలంటే వెనక కాళ్లు రెండూ కాసేపు సంప్రదించుకుంటాయి. ఏ పనైనా మనకేదో ఉపకారం చేస్తున్నట్టు తాపీగా చేస్తుంది. అందుకే ఆ పేరు.

అతను వరండా మెట్టు మీద కూర్చుని, ముందుగా గిన్నెలు బోర్లించి ఒకదాని కింద బిస్కెట్ ముక్క దాచాడు. ముసలి బుర్రను కాస్త కదిలించాకే పాఠం మొదలుపెట్టాలి. దొర వాసన చూసింది, గిన్నె తోసింది, ముక్క మింగింది. అప్పుడతను చెయ్యి గుండెల మీద పెట్టుకుని, ఇంట్లోకి చూపించాడు.

దొర లోపలికి వెళ్లాలి. అక్కడున్న అతని భార్య మోకాలికి తల ఆనించాలి. ఆమె దాని మెడపట్టీ పట్టుకున్నాక అతని దగ్గరికి నడిపించుకు రావాలి. పాఠం ఇంతే. ఇది రాకపోతే మొదటి రెండూ వచ్చి దండగ. ఆమెను నడిపించుకు రావడానికి ఆ ఇంట్లో ఇంకో ప్రాణి లేదు.

దొర కదల్లేదు. ఇంకో ముక్క ఉందేమోనని అతని చేతినే చూస్తోంది.

ముందుగదిలో ఆమె కుర్చీకి కేన్ అల్లుతోంది. చూపు పోయిన కొత్తలో నేర్చుకున్న పని. కుర్చీ వరకూ ఆమెకు వేళ్లే కళ్లు. మిగతా లోకమంతా అతని నోటి వెంటే అందాలి. వీధిలో ఎవరు పోతున్నారు, మబ్బు పట్టిందా, పక్కింటివాళ్లు వేయించిన కొత్త రంగు ఎంత దరిద్రంగా ఉంది, అన్నీ.

"పాపం, వదిలెయ్యండి దాన్ని," అంది లోపల్నుంచి. "ఈ వయసులో దానికి చదువులేంటి?"

"నేర్చుకోక తప్పదు."

"నిజంగానే చెవుడంటారా?"

"డాక్టరు చెప్పేశాడుగా. ఇక లాభం లేదన్నాడు."

అల్లిక చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

పక్కింటి ఎలక్ట్రీషియన్ గోడ మీదుగా తొంగి చూశాడు.

"అన్నా, కూరగాయల మార్కెట్లో మీరు వేలం కేకలు పెడితే మా ఇంట్లో పాలు విరుగుతాయి. ఆ గొంతు దీనికి వినపడట్లేదంటే నేన్నమ్మను. ఒక్కసారి ఆ కేక పెట్టి చూడండి, చచ్చినట్టు లేస్తుంది."

అతను నవ్వి మళ్లీ దొర వైపు తిరిగాడు.

మార్కెట్లో అరిచేది వేలం వేసేవాడొక్కడే. కొనేవాళ్లు నోరు విప్పరు. చెవి తడిమితే ఒక ధర, వేలు ముడిస్తే ఇంకో ధర. ఇన్నేళ్లూ ఆ వేళ్లను చదివి గొంతెత్తినవాడు, ఇప్పుడు సెలవు పెట్టి మరీ కుక్కకు వేళ్ల భాష నేర్పుతున్నాడు.

"పోనీ రేపు చూసుకోండి," అంది ఆమె. "తొందరేముంది?"

"సోమవారానికి వచ్చెయ్యాలి."

"సోమవారం ఏముంది?"

"ఏదో ఒక గడువు పెట్టుకోవాలిగా. లేకపోతే ఈ మొద్దుకు ఎప్పటికి రావాలి?"



గుండెల మీద చెయ్యి. ఇంట్లోకి వేలు. దొర కూర్చుంది. మళ్లీ గుండెల మీద చెయ్యి. దొర ఆవలించింది. అతనికి కోపం నెత్తికెక్కింది. గిన్నె ఎత్తి నేలకేసి కొట్టబోయి, ఆగి, మెల్లగా కింద పెట్టాడు. దొర మెడ రెండు చేతులతో పట్టుకుని, నుదుటికి నుదురు ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత ఇంకోసారి చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు.

దొర ఆ చేతిని చూసింది. గుమ్మం చూసింది. వెనక కాళ్లు సంప్రదించుకున్నాయి. లేచి, గడప దాటి లోపలికి వెళ్లింది.

అతను లోపలికి చెవి ఒగ్గాడు.

కుర్చీ జరిగిన చప్పుడు. మెడపట్టీ గలగల. గుమ్మంలో ముందు నెరిసిన మూతి కనిపించింది, దాని వెనకే పట్టీ పట్టుకున్న చెయ్యి, ఆ తర్వాత ఆమె. దొర ఆమెను తిన్నగా అతని మోకాళ్ల దగ్గరికి తెచ్చి నిలబెట్టింది.

పదో తరగతి తప్పిన కొడుకు మూడో దఫా గట్టెక్కినంత సంబరపడ్డాడతను. మిగిలిన బిస్కెట్లన్నీ దొర ముందు కుమ్మరించాడు. "చూశావా, వచ్చేసింది," అన్నాడు.

ఆమె మెట్టు తడుముకుని అతని పక్కన కూర్చుంది. పట్టీ మాత్రం వదల్లేదు.

"పొద్దున మీరు బయటికెళ్లినప్పుడు డాక్టరు దగ్గర్నుంచి ఫోనొచ్చింది," అంది.

అతను గిన్నెలు ఒకదాన్లో ఒకటి పేర్చసాగాడు.

"దీని చెవులకేం కాలేదు గానీ, సోమవారం ఆపరేషన్లో మీ గొంతు తీసేశాక ఆ సంగతి నాకు ఏ నోటితో చెబుదామనుకున్నారు?"