ఎల్లాజీ చొక్కా వాసన

తలలో కణితి తీయించుకోవడం పన్ను పీకించుకున్నంత తేలికైపోయిన కాలమది. పొద్దున వార్డు క్లినిక్‌కి వెళ్తే ముక్కులోంచి సన్నని తీగ పంపి తీసేస్తారు, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి కూర వండుకోవచ్చు. అయినా భీమిలి నూకరత్నం వాయిదా వేస్తూనే వచ్చింది.

ఆమెది అరుదైన కణితి, కాన్సరు కాదు. అది అప్పుడప్పుడు లేని వాసనను పుట్టించేది. ఒడ్డున ఎండిన సముద్రపు నాచు మోపులు కడుతుంటే, ఉన్నట్టుండి డీజిలు, బీడీ, తడిసిన వల కలిసిన వాసన గుప్పుమనేది. సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగిరాని మొగుడు ఎల్లాజీ చొక్కా వాసన అది. ఇప్పుడు పడవలన్నీ కరెంటువే. ఊళ్ళో ఎంత వెతికినా డీజిలు చుక్క దొరకదు.

కణితి పెరిగి కంటి నరాన్ని నొక్కసాగింది. తల్లికి తన ముఖం సగమే కనబడుతోందని తెలిసి కూతురు పావని ఏడ్చింది.

“అయ్య ఎలాగూ రాడమ్మా. నీ కళ్ళన్నా మిగలనీ.”

“రాడని నాకు తెల్దేటే? వచ్చినట్టుంటాది, అంతే.”

మర్నాడు క్లినిక్‌లో నూకరత్నం డాక్టరును అడిగింది. “కూసింత ఉంచేస్తే ఏటవుతాది బాబూ?”

“మళ్ళీ పెరుగుతుందమ్మా.”

ఆమె తలూపి కుర్చీలో వెనక్కి వాలింది. తీగ లోపల కదలగానే ఆ వాసన వచ్చింది, ఎల్లాజీ పక్కనే వంగి నిలబడినంత దగ్గరగా. ఆమె గుండెల నిండా పీల్చుకుని బిగబట్టింది.

“అయిపోయిందమ్మా, ఊపిరి వదలండి,” అన్నాడు డాక్టరు.

వదలక తప్పదని తెలిసినా, నూకరత్నం ఇంకాసేపు అలాగే కూర్చుంది.