రంగు వేయని చోటు

“అయ్యో, ఇక్కడ రంగు వేయడం మర్చిపోయాడే!”

ప్రార్థనా మందిరం బాధ్యతలు కొత్తగా తీసుకున్న పెద్దాయన గోడ మీది బొమ్మకేసి వేలు చూపించాడు. బొమ్మ నచ్చకపోతే రేపే సున్నం కొట్టించేస్తానని ఆయన ముందే చెప్పి ఉన్నాడు.

బొమ్మలో ఒకడు మోకాళ్ల మీద కూలబడి చేతులు చాపి ఏడుస్తున్నాడు. ముఖమంతా చీకటి. చాపిన దోసిలి దగ్గర మాత్రం ఒట్టి తెల్లగోడ.

నిచ్చెన పక్కన కుంచె పట్టుకుని నిలబడ్డాడు పెయింటరు. ముప్పై అయిదేళ్ల మనిషి, తిట్లు తినడానికి సిద్ధపడ్డవాడిలా తల వంచుకున్నాడు. అతనికి భోజనం క్యారేజీ తెచ్చిన టైలరమ్మకు ఒళ్లు మండింది.

“మర్చిపోలేదండీ. వెలుగంటే పూసేది కాదు, వదిలేది. చుట్టూ చీకటి వేసుకుంటూ వచ్చి అక్కడ ఆగాడు. మూడు నెలలు చూశాను, ఆ చోట ఒక్క చుక్క పడనిస్తే ఒట్టు!”

“అయితే వెలుగు ముఖం మీద పడాలి గదమ్మా? క్షమ దొరికినవాడి ముఖం వెలగొద్దూ?”

“దొరికిందని ఎవరన్నారు? ఇంకా అడుగుతున్నాడు. తప్పు చేసినవాడికి ముఖం ఎత్తే ధైర్యం ఎక్కడిదండీ? చేతులైతే చాపగలడు. అందుకే వెలుగు ముందు చేతుల్లో పడింది.”

పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. “షాపుల బోర్డులు రాసుకునేవాడికి ఇంత ఆలోచనా?”

“బోర్డులు రాస్తే ఏం? నేను పాతికేళ్లుగా బట్ట కత్తిరిస్తున్నా, మావాడిలా తిన్నగా గీత గీయలేను.”

“ఊరుకో అమ్మా,” అన్నాడు పెయింటరు నేల చూపులు చూస్తూ.

“నువ్వూరుకో. నీకెలాగూ చెప్పుకోవడం చేతకాదు, నన్నయినా చెప్పనీ.”

పెద్దాయన దగ్గరికి వెళ్లి ఆ తెల్లచోటుని వేలితో తడిమాడు.

“సున్నం వాళ్లను రావద్దంటాను. కింద నీ పేరు రాసుకోవయ్యా.”

టైలరమ్మ ఆ గోడ తానే కట్టించినంత దర్జాగా ఇద్దరి వంకా చూసింది.

“కొడుకుని బాగా పెంచారమ్మా. మీకెంతమంది పిల్లలు?”

“ఒక్కడేనండీ.”

పెయింటరు పేరు రాయకుండానే కుంచె కింద పెట్టేశాడు.

పన్నెండేళ్ల కిందట తాగి లారీ నడిపి, ఆమె కన్న ఆ ఒక్కడినీ చంపింది ఈ పెయింటరే.