మళ్లీ అచ్చుకాని కార్డు

“అది కాదు, దాని కిందిది ఇయ్యి,” అంది మృదుల.

అబిడ్స్‌లో ఆదివారం. మూసి ఉన్న దుకాణాల ముందు, ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. వాటి మధ్య దుర్గయ్య క్రికెట్ కార్డులు అమ్ముతాడు. ఒకప్పుడు బబుల్‌గమ్‌తో పాటు వచ్చిన పాత కార్డులు ఒక పక్క, పెద్ద పెద్ద ఆటగాళ్లవి ఈ మధ్య తళతళలాడేలా మళ్లీ అచ్చేసిన కొత్తవి ఇంకో పక్క.

“గదెందుకు మేడం? గీ కొత్తయి సూడుండ్రి, ఎట్ల మెరుస్తున్నయో! గాయన మూడు మ్యాచులాడి ఇంటికి పోయిండు. గాయనవి మళ్లీ ఎవ్వరు అచ్చెయ్యరు.”

మృదులకు చురుక్కుమంది. ఆ కార్డు మీద బ్యాటు పట్టుకుని నవ్వుతున్న కుర్రాడు ప్రహ్లాద్, ఆమె తండ్రి. ఆ సంగతి దుర్గయ్యకు తెలియదు, ఆమె చెప్పనూ లేదు.

“నాకు పాతదే కావాలె. నేను కొన్నట్టు మాత్రం ఎవ్వరికీ చెప్పకు,” అంటూ కార్డును సంచిలో దాచుకుంది.

చిన్నప్పుడు బడి పిల్లలు గమ్ పాకెట్ విప్పి, ‘మళ్లీ ఈయనేనా!’ అని విసుక్కుని ఆ కార్డును మురిక్కాలువలోకి విసిరేయడం ఆమె కళ్లారా చూసింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. నాన్నేమో ప్రతి ఆదివారం గౌలిగూడలోని ఇంటి నుంచి ఇదే దారిన నడుచుకుంటూ నాంపల్లికి వెళ్తాడు, స్టేషన్ దగ్గర ఇరానీ చాయ్ తాగడానికి. తన మొహం ఇలా కుప్పలో అట్టడుగున పడి ఉండటం ఆయన కంటపడితే ఇంకేమైనా ఉందా? అందుకే కనబడ్డ కార్డునల్లా కొని బీరువాలో చీరల కింద దాస్తోంది.

ఫలితం కూడా కనిపిస్తోంది. ఏళ్ల తరబడి ఆట ఊసే ఎత్తని మనిషి, ఈ మధ్య అన్నం తింటూ పాత మ్యాచుల ముచ్చట్లు చెబుతున్నాడు. ఆ హుషారు చెడితే ఆమె తట్టుకోలేదు. అయితే వారం తిరిగేసరికి ఇంకో కార్డు ఇక్కడ ప్రత్యక్షమవుతోంది, అదే తంటా.

“ఈయన కార్డులు నీకెవరు ఇస్తున్నరు?”

“ఒకాయన తెచ్చిస్తడు మేడం. పొద్దుగాల్నే వచ్చి ఇచ్చిపోతడు.”

“ఆయన దగ్గరున్న కట్ట మొత్తం నేనే తీసుకుంట. ఎంతంటే అంత ఇస్త.”

“అన్నీ ఒక్కసారే ఇయ్యమని నేను గూడ అడిగిన. ఇనడు. ఒక్కొక్కటే అమ్మాలె అంటడు. బేరం తెల్వని మనిషి.”

మృదులకు ఒళ్లు మండింది. నాన్న పరువును వారం వారం ఫుట్‌పాత్ మీద పెడుతున్న ఆ మహానుభావుడెవరో తేల్చుకోవాలనుకుంది. బతిమాలో, గట్టిగా నాలుగు మాటలనో, ఆ కట్ట లాక్కోవాలి.

తరువాతి ఆదివారం నాన్న ఇంకా స్నానాల గదిలో ఉండగానే బయలుదేరింది. దుర్గయ్య వెనక, దుకాణం మెట్టు మీద, పుస్తకాల దొంతర చాటున కూర్చుని ఏదో నవల తెరిచి పట్టుకుంది. ఎంతకీ ఎవరూ రాలేదు. విసుగొచ్చి లేద్దామనుకునేసరికి దొంతరకు అవతల ఎవరో ఆగారు.

“పోయిన వారంది పోయిందా?” వచ్చినాయన గుసగుసగా అడిగాడు.

“పోకేంది సార్! ఎప్పటిలెక్కనే, జర సేపట్లనే పోయింది.”

“ఎవరు కొన్నరు?”

దుర్గయ్య ఒక్క క్షణం తటపటాయించాడు. “ఎవరో అభిమాని సార్.”

మృదుల పుస్తకం మూసేసింది. అడగాల్సిన మాటలు మనసులో కూడగట్టుకుని లేవబోయింది.

“చూసినవా దుర్గయ్యా, జనం ఇంకా మరిచిపోలే!” అంటూ ఆయన పకపకా నవ్వాడు.

అది నాన్న నవ్వు.